జీతమే విలువ అనే మెసేజ్‌కు నా జవాబు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది నేను ఎంతో గౌరవించే స్నేహితుడు. "ఎవరి జీతం వారి విలువ" అని పైన పెద్ద అక్షరాలు, కింద ఐదు ముక్కలు: మార్కెట్ ఎవరికీ అన్యాయం చేయదు, ఎవరైనా చేయగల పనికి తక్కువే వస్తుంది, నచ్చనివాళ్లు మానేయొచ్చు, జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయి, నర్సులకు, టీచర్లకు, ముసలివాళ్లను చూసుకునే ఆయాలకు ఆత్మతృప్తే అసలు జీతం. చివరి ముక్క కింద చప్పట్ల బొమ్మలు. దానికే అందరూ కరిగిపోయి ఇంకో నలుగురికి పంపుతున్నారు.

ముందు మార్కెట్ సంగతి. ఇందులో నిజం లేకపోలేదు. దొరకడం కష్టమైనదానికి ధర ఎక్కువ. నీళ్లు లేనిదే బతకలేం, అయినా చవక. వజ్రంతో పెద్ద ఉపయోగం లేదు, అయినా ఖరీదు అని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. అంటే ధర చెప్పేది కొరత గురించి, అవసరం గురించి కాదు. జీతానికీ అదే లెక్క అయితే, జీతమే విలువ ఎలా అవుతుంది? మెసేజ్‌లోని మొదటి ముక్కే దాని శీర్షికను కొట్టేస్తోంది.

పైగా జీతాన్ని తేల్చేది కొరత ఒక్కటే కాదు, బేరమాడే బలం కూడా. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్‌లో వానకు తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోయారు. అదే నెల 12న సుమారు 1,300 మంది పని ఆపేశారు. నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి, చెత్త ఎత్తే మనిషి డాక్టరంత ముఖ్యుడని, అతను పని చేయకపోతే రోగాలు ప్రబలుతాయని వాళ్ల సభలో చెప్పాడు. ఏప్రిల్ 4న అదే ఊళ్లో ఆయన్ను కాల్చి చంపారు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది: నగరం యూనియన్‌ను గుర్తించింది, జీతాలు పెంచింది. ఫిబ్రవరిలో ఎత్తిన చెత్తే ఏప్రిల్‌లోనూ ఎత్తారు. పని అదే, మనుషులు వాళ్లే. మరి వాళ్ల విలువ ఆ రెండు నెలల్లో పెరిగిందా?

నచ్చనివాళ్లు మానేయొచ్చట. ఒళ్లు హూనం చేసే, అసహ్యం పుట్టించే పనులకు ఎక్కువ రావాల్సింది పోయి దాదాపు ఎప్పుడూ అన్నిటికంటే తక్కువే వస్తుందని ఆర్థికవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1848లో రాశాడు. వేరే దారి లేనివాళ్లే ఆ పనులకు వస్తారు కాబట్టి అలా జరుగుతుంది. దారి లేని మనిషికి మానేయమని సలహా ఇవ్వడం గురించి ఇంతకంటే మాట్లాడను.

ఇక "ఎవరైనా చేయగల పని". మంచం మీంచి లేవలేని మనిషిని పక్కకు తిప్పడం ఎప్పుడైనా చూశారా? మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి నెమ్మదిగా దొర్లించాలి. లాగకూడదు, లాగితే దుప్పటికి రాసుకుని చర్మం లేచిపోతుంది. కింద ముడత మిగలకూడదు. తిప్పాక నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూసి, వేలితో నొక్కి వదలాలి. క్షణంపాటు తెల్లబడితే ఫర్వాలేదు, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. వేడినీ గట్టిదనాన్నీ చేత్తోనే కనిపెట్టాలి. వదిలేస్తే ఆ పుండు ఎముక దాకా పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రి అయినా తిప్పాలి, తిట్టే మనిషినైనా తిప్పాలి. ఎవరైనా చేయగలరు అని ఫార్వర్డ్ చేసినవాళ్లు దయచేసి ఒక్క రాత్రి చేసి చూపించండి.

నాకు నిజంగా మండేది ఆ ఆత్మతృప్తి మాటకే. తృప్తి ఉండదని కాదు, ఉంటుంది. దాన్ని జీతంలోంచి కోసుకోవడమే దుర్మార్గం. బ్యాంకు మేనేజర్‌కు తన పని అంటే ఇష్టమైతే జీతం తగ్గిస్తారా? సర్జన్‌కు తృప్తి ఉండదా? సర్జన్‌కు ఎక్కువ ఇవ్వొద్దని నేను అనడం లేదు. తృప్తి లెక్క ఆయా దగ్గరే ఎందుకు తీస్తారని అడుగుతున్నాను. ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో పనిచేసేవారిలో సుమారు మూడింట రెండు వంతులు ఆడవాళ్లే. అదే రంగంలోని మగవాళ్లకంటే వాళ్లకు సగటున 24 శాతం తక్కువ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో కలిసి తేల్చాయి. ఆడవాళ్లకు తృప్తి 24 శాతం ఎక్కువ అవుతోంది కాబోలు!

ఇందులో ఇంకో క్రూరత్వం ఉంది. చెత్తను రోడ్డు మీద వదిలేసి సమ్మె చేయొచ్చు. మనిషిని మంచం మీద వదిలేసి వెళ్లడానికి నర్సుకు మనసొప్పదు. ఆ సంగతి జీతం ఇచ్చేవాళ్లకు బాగా తెలుసు. కరోనా వచ్చినప్పుడు, 2020 మార్చి 26 నుంచి బ్రిటన్‌లో జనం నర్సులు, డాక్టర్ల కోసం వారం వారం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఏడాది తిరిగేసరికి నర్సుల జీతానికి ప్రభుత్వం ప్రతిపాదించిన పెంపు 1 శాతం. గొడవయ్యాక 3 శాతం చేశారు. చివరికి 2022 డిసెంబర్‌లో నర్సుల యూనియన్ రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన చరిత్రలోనే అతిపెద్ద సమ్మెకు దిగింది. చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయన్నది మిగిలింది. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ దాన్ని వేతనం పెంచని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి చూశారు. ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగాలు తగ్గలేదు. కానీ ధరలు కొంత పెరిగాయి. ఇక్కడ మాత్రం మెసేజ్ రాసినవారితో ఒకటి ఒప్పుకుంటాను: ఆయాలకు సరైన జీతం ఇస్తే ఎవరో ఒకరు కట్టాలి. అమ్మానాన్నలను చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్న మామూలు కుటుంబానికి అది నిజంగా బరువు. ఆ బరువును అందరూ పంచుకోవాలనే జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణకు తప్పనిసరి బీమా తెచ్చాయి. అయినా జపాన్‌లో ఆ పనికి ఇప్పటికీ మనుషులు చాలడం లేదు, జీతాలూ మిగతా ఉద్యోగాల సగటు కంటే తక్కువే. కొరత ఉంటే జీతం దానంతట అదే పెరుగుతుందని నమ్మేవాళ్లు దీనికేమంటారు? ఖర్చు ఎలా పంచుకోవాలో మాట్లాడదామంటే నేను సిద్ధం. ఆ మెసేజ్ మాత్రం ఇంక నాకు పంపకండి.