అరకిలో అల్లుడు

హైదరాబాదులో పిల్లలు అమెరికా వెళ్ళిపోయిన ఇళ్ళలోనూ, పిల్లల మాటకి ఎదురు చెప్పలేని ఇళ్ళలోనూ ఈమధ్య ఒక కొత్తల్లుడు దిగుతున్నాడు. పేరు ఆఫ్రికన్ పిగ్మీ హెడ్జ్‌హాగ్. బరువు అటూ ఇటూగా అరకిలో. వీపు నిండా వేల ముళ్ళు. మర్యాదల విషయంలో మాత్రం గోదావరి జిల్లాల అల్లుళ్ళు కూడా ఇతగాడి దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

ముందు వంశం సంగతి. చాలామంది చూడగానే ముళ్ళపంది అనేస్తారు. ముళ్ళపంది వేరు, ఏదుపంది అన్నా అదే, అది ఎలుకల జాతి. ఇతను పందీ కాదు, ఎలుకా కాదు. రాత్రిళ్ళు గోడవారన కీచుమంటూ పోయే చుంచు ఉందే, ఆ వైపు చుట్టరికం. ఈ సంగతి అత్తగారికి చెప్పకపోతేనే మంచిది. మన దగ్గరా హెడ్జ్‌హాగులు ఉన్నాయి. మద్రాసు హెడ్జ్‌హాగ్ అనేది తమిళనాడు, ఆంధ్ర మెట్ట పొదల్లో బతుకుతుంది. వాటిని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఎవరైనా "లోకల్ పీస్ సార్, సగం రేటుకే" అంటే అది సంబంధం కాదు, కేసు.

ఇక లాంఛనాలు. కట్నంగా ఇతను అడిగేది ఒక్కటే: 24 నుంచి 27 డిగ్రీలు. బంగారం కంటే ఇదే కష్టం. మన ఊరి వాతావరణానికి మనం ఇచ్చుకునే సర్టిఫికెట్ ఇతని దగ్గర చెల్లదు. మే మధ్యాహ్నం 40 దాటుతుంది, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 12 దగ్గరికి దిగుతుంది. కాబట్టి హెడ్జ్‌హాగ్‌ని తెచ్చుకున్నవారు నిజానికి పెంచేది జంతువుని కాదు, 26 డిగ్రీలని. దాని మధ్యలో జంతువు ఉంటుంది, అంతే.

చలి సంగతి వినండి. యూరప్ హెడ్జ్‌హాగులు కొవ్వు దాచుకుని చలికాలమంతా నిద్రపోతాయి. వేడి దేశం నుంచి వచ్చిన ఇతనికి, గది 20 కిందికి పడితే ఆ నిద్రలోకి జారడం తెలుసు, బయటికి రావడం తెలీదు. పద్మవ్యూహంలో అభిమన్యుడి కేసు. పొట్ట తాకితే చల్లగా ఉంటుంది, నడిస్తే తూలుతాడు, చుట్టుకున్న ఉండ విప్పుకోడు. అప్పుడు వేడినీళ్ళలో ముంచకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. చొక్కాలోపల, ఒంటికి ఆనించి మెల్లగా వెచ్చబెట్టాలి. తేరుకున్నా డాక్టరుకి చూపించాల్సిందే. అసలు అంతదాకా రాకుండా గూడు పైన వెలుగునివ్వని సెరామిక్ హీటర్ పెట్టుకోవాలి, దానికి థర్మోస్టాట్, అంటే వేడి చాలినప్పుడు హీటర్ని ఆపేసే స్విచ్, తగిలించాలి. థర్మోస్టాట్ సెన్సర్ ఇతను పడుకునే మట్టంలో ఉండాలి. పైన కట్టేస్తే పైన 26, కింద 19. థర్మోస్టాటే లేకపోతే అది హీటర్ కాదు, తందూరు.

ఎండాకాలం మరో లాంఛనం. ఏసీ అతని గదిలో ఉంటుంది, మీరు హాల్లో ఫ్యాను కింద ఉంటారు. కూలర్ పనికిరాదు, గదంతా తేమ చేస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యాన్లని లాగుతుంది గానీ ఏసీని లాగదు. అందుకని ఫ్రీజర్లో ఎప్పుడూ రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టి సిద్ధంగా ఉండాలి. గుడ్డ చుట్టి గూడు ఒక మూల పెట్టాలి, ఇంకో మూల ఖాళీగా వదలాలి, చలేస్తే అటు పోతాడు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాదు బండ ముక్క ఒకటి లోపల పరిస్తే దాని మీద పొట్ట ఆనించి పడుకుంటాడు. నాలుగు కాళ్ళూ బారజాపి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే మాత్రం ఎంత ముద్దుగా ఉన్నాడోనని రీల్ తీయకండి. అది వడదెబ్బ.

విడిది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుకి తగ్గకూడదు. ఒక్కడే ఉండాలి. జాలిపడి తోడల్లుణ్ణి తేవద్దు, ఇద్దరు మగవాళ్ళయితే నెత్తురు చూస్తారు, ఆడా మగా అయితే బారసాల. పరుపు ఫ్లీస్ గుడ్డ. టర్కీ తువ్వాలు పరిస్తే దాని ఉచ్చుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. అంచు దారం ఊడితే కాలికి చుట్టుకుని నెత్తురు ఆడనివ్వదు, రెండు రోజుల్లో కాలే పోవచ్చు. దేవదారు పొట్టు వాసన ఊపిరితిత్తులకి పడదు.

ఉద్యోగం నైట్ షిఫ్ట్. హైటెక్ సిటీ క్యాబులు తిరిగే వేళకి లేచి చక్రమెక్కి కిలోమీటర్లకి కిలోమీటర్లు పరిగెడతాడు. చక్రం అడ్డుకొలత 12 అంగుళాలు ఉండాలి, చిన్నదైతే నడుము వెనక్కి వంగిపోతుంది. అడుగు నున్నటి పలకగా ఉండాలి, తీగల చక్రమైతే సందుల్లో వేళ్ళు విరుగుతాయి. పరుగు ఆపకుండానే మిగతా కార్యక్రమాలు కూడా కానిచ్చి, వాటినే తొక్కుకుంటూ పోతాడు. తెల్లారేసరికి చక్రానికి పేడకళ్ళాపి చల్లినట్టుంటుంది. ముగ్గొక్కటే తక్కువ. అది కడిగాక, అరంగుళం గోరువెచ్చని నీళ్ళున్న టబ్బులో అతన్ని అటూ ఇటూ నడిపిస్తే పాదాలు శుభ్రపడతాయి. గోళ్ళు మెత్తబడే అదను కూడా అదే. కొస మాత్రం కత్తిరించాలి, లోపలి గులాబీ రంగు నరం తెగితే కార్న్‌ఫ్లోర్ అద్దాలి.

భోజనం దగ్గర శాకాహారి కుటుంబాలకి అసలు పరీక్ష. రాత్రికి ఒకటి రెండు టేబుల్ స్పూన్ల పిల్లి మేత, మాంసకృత్తులు 30 శాతం పైన, కొవ్వు 15 లోపు. దానికి తోడు వారానికి మూడు నాలుగు సార్లు బతికున్న మీల్‌వర్మ్ పురుగులు, నాలుగైదు చొప్పున. డబ్బాలో గోధుమ పొట్టు, క్యారట్ ముక్క వేసి ఫ్రిజ్‌లో పెడితే అవి నెమ్మదిస్తాయి. ఫ్రిజ్‌లో అంటే పెరుగు గిన్నె పక్కన. పురుగులు మరీ ఎక్కువైతే కాల్షియం తగ్గి ఎముకలు గుల్లబారతాయి. తొలకరికి ట్యూబులైటు చుట్టూ మూగే ఉసిళ్ళని ఏరిపెట్టడం పొదుపు అనుకోవద్దు, ఏ మందు తగిలిన పురుగో, ఏ క్రిములున్న పురుగో తెలీదు. పాలు అరగవు, విరేచనాలవుతాయి. పల్లీలు అంగిట్లో ఇరుక్కుంటాయి. పాయసంలో కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వకూడదు. ఉస్మానియా బిస్కెట్ మీరే తినండి. మరీ మేపితే చంకల్లో కొవ్వు మూటలు కట్టి, చుట్టుకున్నా పూర్తిగా మూసుకోలేడు. వారానికోసారి వంటింటి కాటా మీద గిన్నెలో కూర్చోబెట్టి, గ్యాస్ బండ తేదీలు రాసే క్యాలెండర్ మీదే బరువు రాసి పెట్టుకోండి. పదో వంతు తగ్గిందంటే డాక్టరు దగ్గరికి పరుగే.

అలకపాన్పు మాత్రం రోజూ ఉంటుంది. చెయ్యి చాపగానే నుదుటి ముళ్ళు కళ్ళ మీదికి దించి, బుస్సుమని, ఉండైపోతాడు. స్కూటరు లాంఛనం ఇక్కడ పనిచేయదు. మీరు తొడిగి విప్పిన బనీను గూట్లో పెడితే వారాల తరబడి ఆ వాసనకి అలవాటు పడతాడు. గ్లౌజులు వేసుకుంటే మీరెవరో అతనికి ఎప్పటికీ తెలీదు. రెండు అరచేతులూ పొట్ట కిందికి, బొచ్చు ఉన్న చోటికి పోనిచ్చి ఎత్తాలి, కదలకుండా కూర్చోవాలి. ఒక్కోసారి కొత్త సబ్బు వాసనకో, అగరొత్తి వాసనకో చేతినే నాకి నాకి, నోటినిండా నురగ తెచ్చుకుని, మెడ విరిగిపోయేలా తిప్పి వీపు ముళ్ళకి పూసుకుంటాడు. ఇంట్లోవాళ్ళు పిచ్చి పట్టిందని కేకలేస్తారు. ఏమీ లేదు, సెంటు రాసుకుంటున్నాడు. ముళ్ళు రాలడం రెండు నుంచి నాలుగు నెలల వయసులో మామూలే, పెద్దయ్యాక చర్మం పొట్టుతో పాటు రాలితే మైట్స్, అంటే కంటికి ఆనని చర్మపు పురుగులు. కుక్కకి వాడే గోమార్ల మందు చల్లారో, ప్రాణానికే ముప్పు. పశువైద్యుల్లో చాలామంది కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవారే, హెడ్జ్‌హాగ్‌ని చూస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి. చూసే డాక్టరు కూడా తరచు మత్తు గాలి పీల్పిస్తే గానీ అల్లుడిగారి పొట్ట చూడలేరు.

ఇలా నాలుగైదేళ్ళు. మధ్యలో విసుగొచ్చి కేబీఆర్ పార్కులో వదిలేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. అక్కడ 26 డిగ్రీలు పట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు, కుక్కలు మాత్రం ఉన్నాయి.

మిగిలింది సంక్రాంతి. ఊరు ఊరంతా బస్సెక్కే రోజులు, సరిగ్గా చలి ముదిరే రోజులు. రాత్రి బస్సులో థర్మోస్టాట్ పెట్టుకునే ప్లగ్గు ఉండదు. పక్క ఫ్లాటువాళ్ళు మొక్కలకి నీళ్ళు పోస్తామంటారు గానీ పురుగుల డబ్బా మూత తీయమంటే తలుపేసుకుంటారు. చివరికి ఫోను చేయక తప్పదు.

"ఈ పండక్కి మేం రాలేం మామయ్యగారూ. ఇంట్లో అల్లుడున్నాడు."

"మాకున్నది ఒక్కతే పిల్ల కదా, అల్లుడుగారూ?"