కణానికి ఆఫీసు పద్ధతి తెలియదు

మానవ కణంలో పరిపాలన పూర్తిగా గాడి తప్పిందని తెలియజేయడానికి విచారిస్తున్నాను. గోదావరి కాలువ నీళ్ల కోసం అర్జీలు పెట్టిపెట్టి జుట్టు నెరిసిన ఏ శివారు రైతైనా నాతో ఏకీభవిస్తాడు.

చేలో గట్టు మీద కట్లపాము కనబడిందనుకోండి. అడ్రినలిన్ వచ్చి కాలేయ కణం తలుపు తడుతుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువు పెరిగి ప్రొటీన్ కైనేజ్-ఏని (కైనేజ్ అంటే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్) లేపుతుంది. అది ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌కి ఒక ఫాస్ఫేట్ అంటిస్తుంది. అది మళ్లీ గ్లైకోజెన్‌ని విరగ్గొట్టే ఫాస్ఫోరిలేజ్‌కి అంటిస్తుంది. అంతే, గ్లైకోజెన్ నిల్వలు విరిగి గ్లూకోజ్ రక్తంలోకి దిగుతుంది. ఫైలు ఇన్ని బల్లలు దాటితే ఒక్కడూ భోజనానికి లేచి వెళ్లలేదు! పైగా ఒక్కో కైనేజ్ తన కింద ఎందరినో లేపుతుంది కాబట్టి, కిందికి వెళ్లేకొద్దీ కబురు బలపడుతుందట. మా దగ్గర ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు శివారుకొచ్చేసరికి పంటబోదె అడుగు కూడా తడవదు. అడిగితే లస్కరు "పైనుంచే రాలేదండి బాబూ" అంటాడు. పద్ధతంటే అది.

మనిషిలో ఇలాంటి కైనేజ్‌లు 500కు పైనే ఉన్నాయి. ఎవరి చేయీ తడపక్కర్లేదు, మామూలుగా అంటింపుకి ఒక ఏటీపీ (అంటించే ఫాస్ఫేట్‌ని ఇచ్చే, కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు. ఆ ఏటీపీని 1929లో బయటపెట్టిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. నోబెల్ ఆయనకు రాలేదు. ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ అంటించడం, ఊడదీయడం ద్వారా కణం పనులు నడుపుతుందని చూపిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో వచ్చింది. మనవాడి ఫైలు ఏ బల్ల మీద ఆగిందో విచారణ జరగాలి.

ఊడదీయడం అన్నాను కదా, అది మరీ అన్యాయం. పాము పోగానే ఫాస్ఫటేజ్‌లు వచ్చి ఫాస్ఫేట్లు పీకేస్తాయి. తాత్కాలికంగా ఇచ్చిన ఉత్తర్వుని నిజంగానే తాత్కాలికంగా ఉంచడం ఎక్కడైనా చూశామా?

మన సంప్రదాయాన్ని నిలబెట్టింది ఒక్కటే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైనప్పుడు పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే కైనేజ్, ఎవరూ పిలవకపోయినా, ఎవరు ఆపమన్నా ఆగకుండా అంటిస్తూనే ఉంటుంది. ఇన్‌చార్జిగా వచ్చి పాతుకుపోయిన అధికారికి మనం సన్మానం చేస్తాం. డాక్టర్లు మాత్రం దీన్ని రక్త క్యాన్సర్ అన్నారు.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర పనిచేసే తీరు చూడండి. ఆ కైనేజ్‌లో ఏటీపీ కూర్చోవాల్సిన చోట తానే పోయి కూర్చుంటుంది. ఇక అంటించడానికి ఫాస్ఫేట్ ఎక్కడిది? ఆ తర్వాత మిగతా కైనేజ్‌లకూ ఇలాంటి మందులు చాలానే వచ్చాయి. మా లాకుల దగ్గర ఆఫీసులో కుర్చీ కొలతలు ఎవరికైనా కావాలంటే చెప్పండి, నా దగ్గర ఉన్నాయి.