టీవీ ఇచ్చాం, మరి పక్కన కూర్చునే మనిషి?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. పండగ సెలవులు అయ్యాక ఒకరోజు పొద్దున్న, అమెరికాలోని మన తెలుగు సంఘం డబ్బుతో కొనిచ్చిన టీవీ ఎలా ఉందో చూద్దామని అంగన్‌వాడీకి వెళ్లాను. మాది కోనసీమ, వైనతేయ గట్టు పక్క ఊరు. టీవీ బాగానే నడుస్తోంది. ఇంగ్లీషు రైమ్ వస్తుంటే పంతొమ్మిది మంది పిల్లలు చాపల మీద కదలకుండా చూస్తున్నారు. టీచర్‌గారు గుమ్మం దగ్గర నిలబడి పిల్లల బరువులు ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. సిగ్నల్ పోతే మళ్లీ మొదటినుంచీ. ఆయా పొయ్యి దగ్గర గుడ్లు ఉడకబెడుతోంది. ఆ గదిలో పిల్లలతో మాట్లాడుతున్నది టీవీ ఒక్కటే.

ఎదురింటి అరుగు మీద ఒక మామ్మగారు చీపురు కట్టడానికి కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తున్నారు. పక్కన నాలుగేళ్ల మనవరాలు. జ్వరం తగ్గి నీరసంగా ఉందని ఆ రోజు పంపలేదట. మామ్మగారు ఆకు మొదట్లో కత్తితో గాటు పెట్టి, జానెడు మేర చీల్చి పిల్లకిస్తున్నారు. మిగతాది పిల్ల లాగాలి. మొదటి రెండూ మధ్యలోనే తెగిపోయాయి. ఆవిడ లాక్కోలేదు, కసరలేదు. ఈనె మొదలు కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, "తెంపకు తల్లీ, మెల్లిగా లాగు" అన్నారు. పదాకులు అయ్యేసరికి జానెడు కాస్తా బెత్తెడయింది. ఇంకాసేపటికి ఉత్త గాటు పెట్టి ఇచ్చేస్తున్నారు. పిల్ల తనలో తను గొణుక్కుంటోంది: "మెల్లిగా... తెంపకూడదు... మెల్లిగా." మామ్మ మాట పిల్ల నోట్లోకి వచ్చేసింది. తర్వాత ఆ గొణుగుడూ ఆగిపోయింది, చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

నేను అమెరికాలో పదకొండేళ్లుగా మూడు, నాలుగేళ్ల పిల్లలకి చెబుతున్నాను. మా ట్రైనింగుల్లో గంటలకి గంటలు చెప్పే సంగతి ఆ అరుగు మీద పావుగంటలో కళ్లముందు జరిగింది. టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాసినవాళ్లందరికీ రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఒక బిట్‌గా తెలుసు. 1896లో పుట్టి, 1934లో 37 ఏళ్లకే క్షయతో పోయారాయన. పిల్లల బుద్ధి ముందు మనుషుల మధ్య పుట్టి, తర్వాతే లోపలికి వెళుతుందన్నది ఆయన మాట. ఒంటరిగా చేయలేనిది, పక్కన తెలిసినవాళ్లుంటే చేయగలిగే ఆ మేరనే సామీప్య వికాస మండలం అన్నారు. ఇల్లు లేచేదాకా సరుగుడు కర్రలతో పరంజా కట్టి ఆ తర్వాత విప్పేస్తాం చూడండి, ఆ పోలికని 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు తెచ్చారు. జానెడు బెత్తెడు కావడమే పరంజా విప్పడం.

ఈ సిద్ధాంతం మన దేశానికి కొత్తేం కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకే పునాది దశ అంది, ఆటతో నేర్పమంది, వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. కాగితం మీద లోటు లేదు. లోటు మనిషి దగ్గర.

టీచర్‌గారిని అడిగాను, పిల్లల పక్కన కూర్చుని చేయించడం కుదరదా అని. "ఏం చేయమంటారండి? ఒక పిల్లాడి పక్కన పది నిమిషాలు కూర్చుంటే మిగతా పద్దెనిమిది మందీ బయట ఉంటారండి. వెనకాల పంట కాలువండి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. డెల్టాలో పిల్లల్ని పెంచినవాళ్లకి కాలువ భయం ఏంటో తెలుసు. మా క్లాసులో పదిహేను మందికి ఇద్దరం ఉంటాం, అయినా చాలడం లేదని గొడవ పెడతాం. అంగన్‌వాడీలని నడిపే పథకం ఐసీడీఎస్. 1975 అక్టోబరు 2న మొదలైన అందులో పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకి సలహాలు, ఇలా ఆరు సేవలున్నాయి. బడి అందులో ఒకటి. కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. అందుకే ఈ సిద్ధాంతం గోడ మీద చార్టుగా వస్తుంది, పెట్టెలో బొమ్మలుగా వస్తుంది, మన పుణ్యమా అని టీవీగా వచ్చింది. పక్కన కూర్చునే మనిషిగా మాత్రం రావడం లేదు.

తల్లిదండ్రుల ఒత్తిడి కూడా తక్కువేం కాదు. "ఇంకా రాయించట్లేదా?" అని అడుగుతారు. నాలుగేళ్లకి ఏబీసీడీలు రాయకపోతే టెన్షన్, కాన్వెంటు వ్యాను ఇంటి ముందుకొచ్చి ఆగుతుంది, పిల్ల బడి మారిపోతుంది. వాళ్లని తప్పుపట్టలేను. ఇంగ్లీషు వల్లే మనం ఇక్కడిదాకా వచ్చామని వాళ్లు చూస్తూనే ఉన్నారు. కానీ ఆ పిల్ల గొణుక్కున్న మాటలు గుర్తు తెచ్చుకోండి. "మెల్లిగా, తెంపకూడదు." ఆ గొణుగుడే రేపు ఆలోచన అవుతుంది. తనకి అర్థంకాని భాషలో పిల్ల ఏమని గొణుక్కుంటుంది? ఇంగ్లీషు రానివ్వండి, వెనకాల రానివ్వండి. మన గోదావరి యాసలో "ఆయ్" అన్నందుకు పిల్లని దిద్దకండి.

మన సంఘం తెలుగు బడిలోనూ ఇదే జరుగుతోంది. ఆదివారం గంటన్నర, అ ఆలు దిద్దే కాగితాలు. నాలుగు పేజీలు నింపిన పిల్లాడు ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండా కారెక్కుతాడు. వాళ్ల పక్కన కూర్చుని గుజ్జనగూళ్లు ఆడేవాళ్లెవరు? అమ్మ వేషం వేసిన పిల్ల అందరికీ వడ్డించేదాకా తను తినదు. మామూలుగా అయితే ముందు తనకే కావాలి. ఆటలో పిల్లలు తమకంటే ఓ తలెత్తు ఎదుగుతారని వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పింది దీన్నే.

ఇంకో చిక్కుంది. సంస్కృతి నుంచి నేర్పాలంటే, ఎవరి సంస్కృతి? ఆ గదిలో 'మన పండగలు' అని ఒక చార్టుంది. ప్రభల తీర్థం ఉంది, బొమ్మల కొలువు ఉంది. ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం కట్టుకునే పిల్లలు ఆ పంతొమ్మిది మందిలో ఎంతమందో మనకి తెలుసు. వాళ్ల ఇళ్లలో పాడే పాట, సముద్రపు వేటకెళ్లే తండ్రి వల బాగుచేసే తీరు, పేటలో అమ్మమ్మ చెప్పే కథ గోడ మీదికి రావు. చార్టు గీయించినవాళ్లకి చెడు ఉద్దేశం ఉండి ఉండదు. తమకి తెలిసిందే ఊరంతా అనుకుంటారు, అంతే. మన సంఘాల్లో మనమూ అదే చేస్తున్నాం. ఈ విషయంలో సిద్ధాంతం తనంతట తాను మనల్ని కాపాడదు. ఎవర్ని పిలుస్తున్నామో ప్రతిసారీ చూసుకోవాలి.

అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, ఫోన్లో మాత్రమే కనపడే పిల్లలు మా ఊళ్లో చాలామంది. వాళ్లకి రోజంతా మామ్మే, అమ్మమ్మే. ఆవిడ కూలికెళితే ఎవరూ లేరు. (ఈనెలు తీయడం నేర్చుకోవడం వేరు, ఇంటికి కూలి తేవడానికి తీయడం వేరు. ఆ గీత దాటకూడదు.)

అందుకని కమిటీకి నా విన్నపం. ఈ ఏడాది ఇంకో మూడు టీవీలకి అనుకున్న డబ్బుని మనుషులకి పెడదాం. అంగన్‌వాడీలని చూసే అధికారి సీడీపీవో అనుమతి తీసుకుని, కేంద్రానికి ఇద్దరు ఆడవాళ్లకి, ఒకరు పేట నుంచి, ఒకరు ఊళ్లోంచి, పొద్దున్న రెండేసి గంటలకి గౌరవ వేతనం ఇద్దాం. వాళ్లుంటే టీచర్‌గారు నలుగురు పిల్లలతో కింద కూర్చోగలుగుతారు. మూడేళ్లయినా ఆపకుండా ఇవ్వాలి. ఏడాదికి ఆపేస్తే, పిల్లలకి అలవాటైన మనిషిని మనమే లాగేసినట్టు. రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు, మన పత్రికలో వేసుకోవడానికి ఫోటో కూడా ఉండదు.

వచ్చేముందు ఆ మామ్మగారిని అడిగాను, మీరు వెళ్లి కూర్చుంటారా అని. "నాకు అక్షరం ముక్క రాదమ్మా, నేనేం చెబుతాను?" అన్నారు. మనవరాలికి చెప్పినట్టే చెప్పమన్నాను. కాసేపు ఆలోచించారు. "అయితే కత్తి తేనులే, పిల్లలుంటారు. గాట్లు ఇంటి దగ్గరే పెట్టుకొస్తాను" అన్నారు.