కాసు అంచున తేడా ఎక్కడ పుడుతోంది?

కాసులపేరును పెట్టెలోంచి తీసి, కిటికీ దగ్గర తెల్లగుడ్డ మీద పరచండి. మెడలో ఉన్నప్పుడు కాసులన్నీ ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. వెలుతురులో ఒక్కొక్కటే చూస్తూ పోతే తేడాలు బయటపడతాయి. ఒక కాసులో లక్ష్మీదేవి కిరీటం అంచును తాకుతూ ఉంటుంది, పక్కదానిలో కిరీటం మీద బోలెడంత జాగా. ఇంకోదానిలో చేతిలోని తామరపువ్వుకు జంట గీతలు, నీడ పడ్డట్టు. అంచు మీద వేలు పోనిస్తే ఒకవైపు నున్నగా ఉంటుంది, రెండోవైపు గీరుకుంటుంది. పట్టుచీర పోగును పట్టి లాగేది ఆ గరుకే.

మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసే ఈ పని ఇంటి అరుగుల మీదా సాగుతుంది, పోతేపల్లి జ్యువెలరీ పార్కులోనూ సాగుతుంది. ఒక నగ తయారయ్యేసరికి ఎన్నో చేతులు మారుతుంది. రేకును కత్తిరించి అచ్చు కొట్టేవారు ఒకరు, టంకం పెట్టి అతికేవారు ఒకరు, రాళ్లు పొదిగేవారు ఇంకొకరు, చివరికి పూత వేసేవారు. అచ్చు దగ్గర తప్పు జరిగితే ఆ తరవాత ప్రతి చేతికీ దాన్ని సర్దుకోవడమే సరిపోతుంది. గరుకు ఆకురాయితో తీయాలి, అంచు తగ్గిన కాసును దండ వెనక వైపుకు నెట్టాలి, మరీ వంకరైతే తుక్కులో పడేయాలి. ఇవన్నీ కూలీ డబ్బుల్లోంచి పోయే గంటలే.

ఈ తప్పుకు మన దగ్గర ఎప్పుడూ వినిపించే కారణం ఒకటే: "కొట్టేవాడి చెయ్యి బాగోలేదు." దానికి మందు కూడా సిద్ధంగా ఉంటుంది, మనిషిని మార్చు, లేకపోతే మోటారుతో నడిచే పవర్ ప్రెస్సు కొను. నేను టూల్‌రూమ్‌లో డైలు, అంటే లోహాన్ని కోసే, బొమ్మ వేసే ఉక్కు అచ్చులు, చేస్తూ బతికినవాణ్ణి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే లెక్క వేసి చూస్తే తప్పు ఆ చేతిలో చాలా కొంచెమే ఉంది.

ముందు బలం సంగతి చూద్దాం. 15 మిల్లీమీటర్ల కాసును 0.3 మిల్లీమీటర్ల మెత్తని ఇత్తడి రేకులోంచి కత్తిరించాలి. కాసు చుట్టుకొలత దాదాపు 47 మిల్లీమీటర్లు. దాన్ని రేకు మందంతోనూ, ఇత్తడి కోతకు చూపే నిరోధంతోనూ గుణిస్తే సుమారు 350 కిలోల బలం వస్తుంది. గుండ్లున్న పిడిని చేత్తో తిప్పి దెబ్బ కొట్టే చిన్న ఫ్లైప్రెస్సు సైతం దీనికి ఎన్నో రెట్లు ఇవ్వగలదు. కత్తిరింపు వరకు అయితే పెద్ద ప్రెస్సు అవసరమే లేదు.

ఇక సందు సంగతి. కోత శుభ్రంగా రావాలంటే పైనుంచి దిగి రేకును కోసే పంచ్‌కీ కింది డైకీ మధ్య ఒక్కోవైపు రేకు మందంలో సుమారు ఇరవయ్యో వంతు ఖాళీ ఉండాలి. 0.3 రేకుకు అది 0.015 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందంలో సగం కూడా కాదు. పంచ్ ఆ సందులో నడిమధ్యన దిగితే కోత చుట్టూతా ఒకేలా వస్తుంది. ఒక పక్కకు జరిగితే అటు లోహం నలుగుతుంది, ఇటు లోహం చిరిగి ముల్లులా పైకి లేస్తుంది. ఇంకొంచెం జరిగితే పంచ్ అంచు డై అంచును కొట్టి రెండూ రాలిపోతాయి. కాసుకు ఒక పక్కే గరుకు ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిపోయింది కదా.

ఆ మధ్య చిలకలపూడిలో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. అక్కడ ప్రెస్సు మీద కూర్చునే పెద్దాయనకు అరవై దాటాయి. ప్రెస్సు ఆయన కంటే పాతదేమో, గుండ్లకు పట్టిన నూనె నల్లగా గట్టిపడిపోయింది. సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్‌ను అయస్కాంతం స్టాండుతో బల్ల మీద నిలబెట్టి, దాని కొసను ర్యామ్‌కు, అంటే పంచ్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిలే భాగానికి, ఆనించి, "బాబాయ్, ర్యామ్‌ను ఒక్కసారి అటూ ఇటూ నెట్టు" అన్నాను. ఆయన రెండు వేళ్లతో నెట్టాడు. గేజ్ ముల్లు 0.18 మిల్లీమీటర్ల దగ్గరకు పోయి వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ నెట్టాడు, మళ్లీ అంతే. "ఇన్నాళ్లూ చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను అబ్బాయ్" అన్నాడు.

ఉండాల్సిన సందు 0.015, ర్యామ్ ఊగేది 0.18. పన్నెండు రెట్లు. ఎంత నేర్పున్న మనిషైనా ఈ తేడాను చేత్తో పూడ్చలేడు. అయినా ఆయన ప్రెస్సు ఊగే తీరు ఒంటికి పట్టి ఉండడం వల్ల, డైని కొంచెం ఎడమకు జరిపి బిగించుకుని నడిపించాడు. సగం కాసులు బాగా రావడానికి కారణం ఆయన చెయ్యే.

ర్యామ్ పక్కనుండి దాన్ని ఊగకుండా పట్టే గిబ్ పట్టీల స్క్రూలు ఒక్కొక్కటీ కొంచెం కొంచెం బిగిస్తూ, మధ్యమధ్య ర్యామ్‌ను పైకీ కిందికీ నడిపిస్తూ సరిచేశాం. మరీ బిగిస్తే ర్యామ్ పట్టేస్తుంది, వదులైతే మళ్లీ మొదటికొస్తుంది. గంటసేపు కష్టపడితే 0.04కు దిగింది. అక్కడితో ఆగిపోయింది. కొన్ని దశాబ్దాలు అరిగిన జారుడు గాడి అంతకంటే సరికాదు. 0.04 కూడా మనకు కావలసినదానికి రెండున్నర రెట్లకు పైనే.

కాబట్టి సూటిదనాన్ని ప్రెస్సును అడగడమే మానేయాలి. దాన్ని డైలోనే పెట్టాలి. పై పలకా కింది పలకా మధ్య రెండు గుండ్రటి స్తంభాలు, వాటి మీద జారే గొట్టాల్లాంటి తొడుగులు (బుష్‌లు), అదే పిల్లర్ డై సెట్. పంచ్ పై పలకకు, డై కింది పలకకు, రెండింటి దారినీ ఆ స్తంభాలే నిర్ణయిస్తాయి. ర్యామ్ ఊగినా ఊగకపోయినా పంచ్ వచ్చి పడే చోటు మారదు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డై సెట్ కొని, పై పలకను ర్యామ్‌కు గట్టిగా బిగించేస్తారు. అప్పుడు ర్యామ్ వంకర అంతా స్తంభాల మీద పడి, కొన్నాళ్లకే బుష్‌లు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతాయి. డై సెట్ పనికిరాదని మూలన పడేస్తారు. ర్యామ్ పని తోయడం, అంతే. పై పలక మీద నున్నటి గుండ్రటి బొత్తాం ఒకటి పెట్టి, ర్యామ్ దాన్ని నొక్కి వదిలేసేలా, పలకను పైకి లేపే పని స్ప్రింగులు చూసుకునేలా చేస్తే అరిగిన ప్రెస్సు మీద కూడా కొత్త ప్రెస్సు పని వస్తుంది.

ఖర్చు మాట నిజమే. రోల్డ్‌గోల్డ్‌లో డిజైన్ సీజన్‌కొకటి మారుతుంది. ప్రతి డిజైన్‌కూ స్తంభాల సెట్ చేయించడం ఎవరివల్లా కాదు. కానీ స్తంభాలు, పలకలు ఒక్కసారి కొంటే చాలు. మధ్యలో పంచ్, డై ముక్కలు మాత్రం పిన్నుల మీద కూర్చునేలా చేయించుకుంటే డిజైన్ మారినప్పుడల్లా ఆ ముక్కలే మారతాయి. సన్నని తీగతో లోహాన్ని కోసే వైర్‌కట్ యంత్రం మీద ఆ ముక్కలు 0.01 మిల్లీమీటర్ లోపు తేడాతో వస్తున్నాయి, హైదరాబాద్ బాలానగర్‌లో ఆ పని చేసే షాపులకు కొదవలేదు. కాసుకు కొక్కెం తగిలించే రంధ్రం ఉంటే, చుట్టు కోతా రంధ్రం కోతా ఒకే దెబ్బలో పడే కాంపౌండ్ డై చేయించుకోవడం ఇంకా మంచిది. రంధ్రం నడిమధ్యన పడిందా లేదా అన్న బెంగే ఉండదు.

కత్తిరింపు ఇలా తేలింది. బొమ్మ అచ్చు వేరే కథ, అక్కడ చెయ్యి నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఫ్లైప్రెస్సు తన శక్తిని తిరిగే గుండ్లలో దాచుకుంటుంది. ఆ శక్తి వేగం మీద కాదు, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. పిడిని పదో వంతు ఎక్కువ వేగంగా విసిరితే దెబ్బలోని శక్తి ఐదో వంతు పెరుగుతుంది, పదో వంతు తగ్గితే ఐదో వంతు తగ్గుతుంది. పొద్దున కొట్టిన కాసులో లక్ష్మీదేవి కళ్లు కనిపించి, సాయంత్రం కొట్టినదానిలో ముఖం మసకబారడానికి అదే కారణం. కూలీ లెక్క కాసుకింత అని ఉన్నప్పుడు చేయి అలసిపోయాక కూడా పని ఆగదు. పిడి ప్రతిసారీ ఒకే చోటు నుంచి బయల్దేరేలా వెనక ఒక అడ్డు కట్టేస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. రబ్బరు చుట్టిన ఇనుప కడ్డీ ఒకటి చాలు. కొందరు స్క్రూకు కాలర్ అనే ఉంగరం బిగించి దెబ్బను కింద ఆపాలని చూస్తారు. కత్తిరింపుకు అది బాగానే ఉంటుంది, బొమ్మ అచ్చుకు మాత్రం పనికిరాదు. లోహం గాడుల్లోకి పారాల్సిన చివరి క్షణంలో బలమంతా కాలరే మింగేస్తుంది.

జంట గీతల జబ్బు రేకు కదలడం వల్ల వచ్చేది. మొదటి దెబ్బ చాలక రెండోది కొట్టినప్పుడు, బిళ్ల మధ్యలో ఇసుమంత జరిగితే తామర రెండవుతుంది. దీనికి రెండు శతాబ్దాల కిందటి జవాబు మన సముద్రం దారిలోనే మునిగి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్టిండియా కంపెనీ 1808లో బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో 10, 20 కాష్ రాగి నాణేలు కొట్టించింది. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలో గుడ్విన్ ఇసుకమేటల మీద మునిగిపోయింది. ఈతగాళ్లు పైకి తీసిన ఆ నాణేలు ఈనాడు చేతిలో పట్టుకుని చూస్తే గుండ్రదనంలో ఒకదానికొకటి తేడా కనిపించదు. సోహోలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రంతో ప్రెస్సులు నడిపిన సంగతే అందరూ చెప్పుకుంటారు. నాణేన్ని గుండ్రంగా నిలిపింది మాత్రం దాని చుట్టూ ఉన్న ఉక్కు కట్టు. బిళ్ల ఆ కట్టులో కూర్చుంటే పక్కకు జరగడానికి చోటుండదు. మన కాసుకూ అదే కావాలి, డై చుట్టూ బిళ్ల సరిగ్గా దిగే ఒక గూడు. లేతులో ఒక పూట పని అది.

బొమ్మ అచ్చుకు పై భాగంగా సీసం ముద్ద వాడే అలవాటు ఇంకా ఉంది. సీసం మెత్తనిది కాబట్టి డై గాడుల్లోకి రేకును బాగానే నెడుతుంది, కానీ దెబ్బ దెబ్బకూ తన రూపం మారిపోతుంది. నూరో కాసు మొదటిదానిలా రాదు. సీసాన్ని కరిగించి మళ్లీ పోసే పని ఇంట్లో, పిల్లలు తిరిగే చోట జరగడం అంతకంటే పెద్ద హాని. రబ్బరులాంటి గట్టి పాలీయూరితేన్ దిమ్మ ఆ పనే చేస్తుంది, నొక్కు వదిలాక తన రూపానికి తాను వస్తుంది. పైన ఆడదీ మగదీ కలవాల్సిన అవసరం లేదు గనక సూటి తప్పే గొడవ కూడా సగం తగ్గుతుంది. మరీ సన్నని గీతల దగ్గర మాత్రం ఉక్కు పంచ్ ఇచ్చే స్పష్టత దీనికి రాదు, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగాలి.

రేకు కాల్పు గురించి ఒక్క మాట. ఇత్తడిని మసక ఎరుపు దాకా కాలిస్తే మెత్తబడుతుంది, కానీ ఆ ఎరుపు ఎండలో కనిపించదు. ఆరుబయట కాల్చిన రేకు ఒక కొస మెత్తగా, ఒక కొస బిరుసుగా మిగిలిపోతుంది. నీడలో కాల్చాలి.

పవర్ ప్రెస్సు పెడితే ఇవేవీ అక్కర్లేదనేవారికి నా జవాబు ఇది. అరిగిన గాడి, సూటి లేని డై, జరిగే బిళ్ల పవర్ ప్రెస్సు మీదా ఉంటాయి, తప్పులు మాత్రం నిమిషానికి ఎక్కువ వస్తాయి. చేతి ప్రెస్సు దెబ్బ మనిషి ఆపాలనుకుంటే చాలావరకు ఆగుతుంది, చాలా పవర్ ప్రెస్సులు క్లచ్ పడితే కిందికి దిగేదాకా ఆగవు. కాపలా అమరిక లేని షెడ్లలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. రోజుకు వేలకు వేలు ఒకే డిజైన్ కొట్టేవారికి, కాపలాతో సహా పవర్ ప్రెస్సు సరైనదే. వారానికో డిజైన్ మార్చే ఇంటి షెడ్డుకు చేతి ప్రెస్సే ఇప్పటికీ లాభం.

ప్రభుత్వం వైపు చూస్తే దారులు లేకపోలేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులకు చోటుంది, స్వర్ణకారులు వారిలో ఉన్నారు. పనిముట్లకు రూ.15,000 ఇస్తారు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తరవాత రెండు లక్షలు అప్పు ఇస్తారు. ఆ జాబితాలో అచ్చు కొట్టే మనిషి పేరు విడిగా లేదు. నగ పుట్టేది ఆ చేతుల్లో అయినప్పుడు ఆ పేరు చేరాలి. వాళ్లకిచ్చే పనిముట్ల సంచిలో సుత్తి, శ్రావణంతో పాటు డయల్ గేజ్, మైక్రోమీటర్ కూడా ఉండాలి. కొలవలేనిదాన్ని సరిచేయమని ఎవరినీ అడగలేం.

బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఏర్పడిన కేంద్ర సంస్థ. డై చేయడం నేర్పడమే దాని పని. అక్కడ చదివినవారు కార్ల కంపెనీలకూ ఫోన్ల కంపెనీలకూ వెళ్తారు, వెళ్లాలి కూడా. ఏడాదికి కొద్ది రోజులైనా వారిలో కొందరు బందరు వచ్చి, షెడ్డు షెడ్డుకూ తిరిగి, ప్రెస్సుల ఊగు కొలిచి గిబ్‌లు సరిచేయించే ఏర్పాటు చేస్తే చాలు. పార్కులో అందరికీ కలిపి నాలుగు సైజుల స్తంభాల సెట్లు అద్దెకు ఉంచితే చిన్నవాళ్లు ముక్కల డబ్బు పెట్టుకుంటే సరిపోతుంది.

ఆ పెద్దాయన షెడ్డుకు నెల తరవాత మళ్లీ వెళ్లాను. అరువు తెచ్చిన స్తంభాల సెట్ మీద కాసులు కొడుతున్నాడు. కొత్తగా పడ్డ కాసును తీసి, బొటనవేలితో అంచు చుట్టూతా ఒకసారి తిప్పి నా చేతిలో పెట్టాడు. ఆకురాయి బల్ల కింద డబ్బాలో ఉంది, దాని మీద దుమ్ము పడుతోంది.