సవరణ: ఇత్తడి కుందులు రాత్రంతా నానబెట్టొద్దు

పోయిన వారం ఇత్తడి కుందులు తోమడం గురించి రాస్తూ, ఉప్పు కలిపిన చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టమన్నాను. తప్పు నాదే. విజయవాడ వన్‌టౌన్‌లో మా పిన్ని దసరాకని అలాగే చేసింది. పొద్దున్నే ఫోను: "ఏరా, నా ఇత్తడి కుందుల్ని రాగివి చేశావు కదరా!"

ఆవిడ అన్నది దాదాపు నిజమే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొరలో జింకు ముందు కరిగిపోయి, రాగి గులాబీ రంగులో బయటపడుతుంది. 10 నిమిషాలు చాలు, అదీ మధ్యలో తీసి చూస్తూ. తర్వాత బాగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లు వాటంతటవే ఆరితే మచ్చలు పడతాయి.

అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ పర్వాలేదన్నాను, అదీ వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో పగుళ్లిచ్చేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా! కుందికి అంత ప్రమాదం లేకపోయినా, ఆ టెన్షన్ మనకెందుకు?

పిన్ని కుందులకి ఇత్తడి పాలిష్ పట్టించాను. ఒకటి మాత్రం ఇంకా కాస్త గులాబీగానే ఉంది.