ట్రైనీలు చేయలేరా?
పెద్ద ప్రొఫెసర్ పేరు ముందు లేనిదే పీజీలు (స్పెషలిస్టు చదువులో ఉన్న ట్రైనీ డాక్టర్లు) పెద్ద పరిశోధన చేయలేరని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల సర్జరీ ట్రైనీలు నడిపే వెస్ట్ మిడ్‌లాండ్స్ రీసెర్చ్ కొలాబరేటివ్ అనే పరిశోధన బృందాన్ని చూడండి. అక్కడ ట్రైనీ కొన్నాళ్లకో ఆసుపత్రి మారుతుంటాడు. ఒక్కడే మొదలుపెడితే బదిలీతో పని ఆగిపోతుంది. అందరిదీ ఒకే ప్రోటోకాల్ (రాసిపెట్టుకున్న పరిశోధన పద్ధతి) కాబట్టి ఒకరు వెళ్తే ఇంకొకరు అందుకున్నారు.

రోసిని ట్రయల్ అలా చేసిందే. పొట్ట ఆపరేషన్లో కోత అంచులకు రింగున్న ప్లాస్టిక్ తొడుగు వేస్తే గాయం చీము పట్టడం తగ్గుతుందా అన్నది ప్రశ్న. 21 ఆసుపత్రులు, 760 మంది రోగులు. 2013లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో అచ్చయింది. తొడుగు వేసినవాళ్లలో 24.7 శాతం, వేయనివాళ్లలో 25.4 శాతం మందికి ఇన్ఫెక్షన్. అంటే ఈ ట్రయల్‌లో ఆ తొడుగుతో లాభం కనబడలేదు. సీనియర్ల సలహా, యూనివర్సిటీ సాయం ఉన్నాయి, నిజమే. కానీ రోగులను చేర్చుకున్నదీ, నెల తర్వాత పిలిచి గాయం చూసిందీ ఎక్కువగా ట్రైనీలే.

నేనూ సర్జరీ పీజీ చేసినవాణ్ణే. థీసిస్‌కు 50 కేసులు ఒక్కణ్ణే రాసుకున్నాను. పక్క జిల్లా కాలేజీలో అదే టాపిక్ మీద ఇంకొకతను చేస్తున్నాడని పరీక్షలయ్యాక తెలిసింది. రెండు పుస్తకాలూ బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇప్పటికీ బాధే. వరంగల్, కర్నూలు, గుంటూరు, విశాఖ పీజీలు ఒకే ప్రొఫార్మా (కేసు వివరాలు నింపే ఫారం) పట్టుకుంటే ఏడాదిలో వందల కేసులు పోగవుతాయి. పరిశోధనకు అనుమతి కోసం ప్రతి కాలేజీ ఎథిక్స్ కమిటీ చుట్టూ తిరగడమే అసలు కష్టం. దాని గురించి రాయండి సార్.