సెల్లార్ గోడకి వైట్ సిమెంట్ పూయడం ఇక ఆపండి

వానలు మొదలయ్యాయో లేదో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మళ్లీ అదే ఫొటో. సెల్లార్ రిటైనింగ్ వాల్ (బయటి మట్టిని ఆపే గోడ), అందులోంచి నాలుగంగుళాల పైపు, దాని చుట్టూ పాకుడు, కింద బకెట్. సలహాలూ పాతవే: "ఎం-సీల్ పెట్టించండి", "వైట్ సిమెంట్ కొట్టించండి". ఎన్నేళ్లు కొట్టిస్తారండీ?

గోడ అవతల మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే అడుగున చదరపు మీటరుకి మూడు టన్నుల ఒత్తిడి. అది లోపలివైపు పూసిన పూతని వెనకనుంచి తోసేస్తుంది. పైగా పీవీసీ నున్నన, సిమెంట్ దాన్ని పట్టుకోదు. ఎండకీ చలికీ పీవీసీ కాంక్రీటు కంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది, ముడుచుకుంటుంది. వెంట్రుకవాసి సందు చాలు నీళ్లకి.

అసలు తప్పు కట్టేటప్పుడే జరిగింది. స్లీవ్ (పైపు దూరడానికి ముందే గోడలో ఉంచే గొట్టం) పెట్టకుండా గోడ పోత పోసి, ఆనక బ్రేకర్‌తో బొక్క కొట్టి, పైపు దూర్చి, మిగిలిన సందులో ఇటుక ముక్కలు, సిమెంట్ సంచి పేలికలు కుక్కి పైన ప్లాస్టరింగ్ చేసేస్తారు. ఆ చెత్తంతా తీయకుండా మీదెంత పూసినా దండగే.

పైపు చుట్టూ రెండంగుళాల వెడల్పున, మూడున్నర నాలుగంగుళాల లోతు దాకా చిప్పింగ్ చేయించండి. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండాలి. గరాటులా కొడితే పెట్టిన ముద్ద ఊడి చేతికొస్తుంది. ఊచలు తగిలితే కోయనివ్వకండి. పైపుని గరుకు కాగితంతో రుద్దాలి. నీళ్లు కారుతుంటే అడుగున అరంగుళం ట్యూబు పెట్టి వాటికి దారివ్వండి. ఇది మానేసి కారే నీళ్లతో కుస్తీ పట్టేవాళ్లే ఎక్కువ. కారే నీళ్లని ఆపే వాటర్ ప్లగ్ సిమెంట్ పొడి మూడు నుంచి ఐదు నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి పిడికెడు పిడికెడే కలపాలి. గ్లవ్స్ వేసుకుని, పైనుంచి కిందికి ఒక్కో ముద్దా నొక్కి, వేడెక్కి గట్టిపడేదాకా చెయ్యి తీయకూడదు. ఇది అంగుళం మందం చాలు. దాని మీద పైపు చుట్టూ నీటికి ఉబ్బే సీలెంట్, ఆపైన రెండంగుళాలకి తగ్గకుండా నాన్-ష్రింక్ గ్రౌట్ (ఆరాక ముడుచుకోని సిమెంట్ మిశ్రమం). గ్రౌట్ పలచనైతే సీలెంట్ ఉబ్బి దాన్నే పగలగొడుతుంది. మర్నాడు ట్యూబు పీకి ఆ బొక్క మూసేయండి.

ఇంకా చెమ్మ వస్తుంటే పీయూ ఇంజెక్షన్, అంటే పాలీయురేథేన్ రెసిన్‌ని పంపుతో గోడలోకి ఎక్కించడం. గోడ మధ్యలో పైపుని చేరేలా ఏటవాలుగా రంధ్రాలు, చుట్టూ నాలుగైదు ప్యాకర్లు (రంధ్రాల్లో బిగించి రెసిన్ ఎక్కించే నాజిళ్లు), పంపింగ్ కిందినుంచి పైకి. ఏ రకం కొడుతున్నాడో అడగండి. నీళ్లు పీల్చుకుని ఉబ్బే జెల్ అయితే, మే నెలలో బయట మట్టి ఎండగానే ముడుచుకుంటుంది, జూలైలో బకెట్ మళ్లీ ప్రత్యక్షం. మన ఎండలకి నీటిని తోసేసి నురుగులా గట్టిపడే రకమే మేలు. "రెండూ ఒకటే సార్" అన్నవాడికి పని ఇవ్వకండి.

కరెంటు కేబుల్ పైపు అయితే ముందు మెయిన్ ఆపించి టార్చి కొట్టి చూడండి. చాలాసార్లు నీళ్లు పైపు చుట్టూ కాదు, పైపులోంచే వస్తుంటాయి, బయట కేబుల్ గుంత నిండి. అప్పుడు గోడ జోలికి పోనక్కర్లేదు, ఆ గుంత తోడించి, బయటివైపు పైపు మూతిని డక్ట్ సీలెంట్‌తో మూయిస్తే సరి.